సంగటి ముద్దకు పీట దక్కని కథ

మా అవ్వ సంగటి గెలకడం మొదలుపెడితే పిల్లలమంతా పొయ్యి చుట్టూ చేరేవాళ్లం. ఎసట్లో నూకలు మెత్తబడ్డాక రాగిపిండి గుట్టగా పోసి, నడుమ కట్టెతో బొక్క పెట్టి మూత వేసేది. పిండికి ఆవిరి పట్టాక కుండ దించి, రెండు పాదాలతో అదిమిపట్టి, ఒక్క ఉండ కూడా మిగలకుండా గెలికేది. తడిచేత్తో ముద్ద చేసి పళ్లెంలో వేస్తే, నడుమ గుంట చేసుకుని ఊరిబిండి పెట్టుకునేవాళ్లం. "నమలొద్దండ్రా, మింగండి" అనేది.

మా పలమనేరు, పుంగనూరు, కుప్పం మెట్టచేలల్లో వానకు రాగి పండేది. నడుమ సాళ్లలో అనుములు, కందులు. కోత, నూర్పిడి, తూర్పారబట్టడం అయ్యాక విసుర్రాయి. దాని పిడి పట్టి తిప్పేది ఆడపిల్లలం. మగపిల్లలు గొడ్ల వెంట గుట్టకు పోయేవాళ్లు. పొద్దుగూకితే చెడుగుడు. వీటన్నిటినీ వ్యాయామమని ఎవరూ అనలేదు. అలాగని అది బంగారు కాలమూ కాదు. కరువొస్తే ముద్ద పోయి అంబలి వచ్చేది, అది కూడా ఆడపిల్లలకు ఆఖరున.

వరన్నం పండక్కి, చుట్టాలకు. ఇంటికొచ్చినోళ్లకు సంగటి పెడితే పరువు తక్కువ అనుకునేవాళ్లు. ఏది గొప్ప తిండో పిల్లలు అక్కడే నేర్చుకున్నారు. సంగటి వాళ్లకు రుచించక పోలేదు, పెద్దవాళ్లు గౌరవించక పోయింది. చేలో రాగి చోటు వేరుశనగ తీసుకుంది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చింది. అది ఎన్నో ఇళ్లలో ఆకలి తీర్చింది, ఆ మేలు నేను మరవను. కానీ రోజూ అన్నమే అయ్యాక విసుర్రాళ్లు గోడవార చేరాయి.

కుప్పం అవతల తమిళనాడు బళ్లలో ఎంజీఆర్ భోజన పథకం 1982లోనే మొదలైంది. 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించాక, 2003లో మన బళ్లకూ వేడి భోజనం వచ్చింది. అందులోనూ అన్నమే. 2023 మార్చిలో బెల్లం వేసిన రాగిజావ, వారానికి మూడు రోజులు. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, పాలిష్ బియ్యంలో పదికి మించదు. ఎదిగే ఎముకలకు ఇది చిన్న తేడా కాదు.

జావ మంచిదే, నాకు చాలదు. తియ్యగా గ్లాసులో తాగిన బిడ్డకు ముద్ద తినే అలవాటు రాదు. ఇప్పుడు హోటళ్లలో సంగటి, నాటుకోడి పులుసు అని బోర్డు పెట్టి మరీ అమ్ముతున్నారు. పెద్దలు డబ్బిచ్చి తినే ముద్ద బడి పళ్లెంలో ఎందుకు ఉండకూడదు? సంక్రాంతి ముందు అనపకాయలు దిగే కాలంలో మొదలుపెట్టొచ్చు. ఆ బంతిలో అయ్యవార్లు కూడా కూర్చోవాలి. పితికిపప్పు పులుసుకు నానిన అనపగింజలు పితకడానికి పిల్లలను పిలిస్తే, వద్దనేవాళ్లు ఉండరు.