రేకుల ఇల్లు ఎందుకు కాగుతుంది?

పదార్థం గుండా వేడి పాకడాన్ని ఉష్ణవహనం అంటారు. 1822లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఫోరియర్ దీనికి సూత్రం ఇచ్చాడు: రెండు వైపుల ఉష్ణోగ్రతల తేడా పెరిగితే వేడి ఎక్కువ పారుతుంది, మందం పెరిగితే తగ్గుతుంది.

మే నెలలో 40 డిగ్రీలు దాటే జమ్మికుంటలో ఈ సూత్రం ఇంటి కప్పును బట్టి పనిచేస్తుంది. సిమెంటు రేకు వాహకత కాంక్రీటు కన్నా తక్కువే. కానీ దాని మందం 6 మిల్లీమీటర్లు, స్లాబుది 100 పైనే. అందుకే వేడిని ఆపడంలో రేకు స్లాబులో సుమారు నాలుగో వంతు. గడ్డి కప్పు ఈ రెండింటికన్నా మేలు.

2023 ఏప్రిల్‌లో వచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ విధానం 600 చదరపు గజాలు, ఆపై స్థలంలోని ఇళ్లకు తప్పనిసరి, అంతకన్నా చిన్నవాటికి ఐచ్ఛికం. దళితవాడల్లో సొంతంగా వేసుకున్న రేకుల ఇళ్లు ఈ ఐచ్ఛికంలోకే వస్తాయి. రేకుపై తెల్ల సున్నం పూస్తే ఎండ చాలావరకు తిరిగి పోతుంది. ఆ ఖర్చు ప్రభుత్వం భరించాలన్నది న్యాయమైన డిమాండ్.