సిగ్నల్ దగ్గర పుట్టిన సినిమా

బెంగళూరులో ఓ ట్రాఫిక్ సిగ్నల్. ఎర్ర లైటు పడగానే ఆగిన బళ్ల మధ్యలోకి పిల్లలు పరుగెత్తుకొచ్చారు. చంకలో పేపర్ల కట్ట, చాచిన చేతిలో ఒక కాపీ. లైటు మారేలోగా ఎన్ని అమ్ముకుంటే అన్ని. వాళ్లనే కళ్లప్పగించి చూస్తున్నాడు ఓ బాబు. అందరూ తన ఈడు వాళ్లే. తనకు బడి ఉంది, పుస్తకాల సంచి ఉంది. మరి వీళ్లకో?

వీళ్లు బడికెందుకు పోరని నాన్నను అడిగాడు. అమ్మానాన్నలు లేని పిల్లలూ ఉంటారని, తమ కూడు తామే సంపాదించుకుంటారని అప్పుడే తెలిసింది. పచ్చ లైటు పడింది, బళ్లు కదిలాయి. బాబు మాత్రం ఆ పిల్లల్ని మనసులో పెట్టుకుని ఇంటికొచ్చాడు. చిన్న కథ రాశాడు. ఆ కథే పెరిగి పెరిగి సినిమా అయింది.

ఆ బాబు పేరు కిషన్ శ్రీకాంత్. 1996 జనవరి 6న పుట్టాడు. నాలుగేళ్ల వయసు నుంచే బాలనటుడు కాబట్టి షూటింగ్ సందడి వాడికి కొత్త కాదు. కానీ నటించడం వేరు, నటింపజేయడం వేరు. 'కేరాఫ్ ఫుట్‌పాత్' అనే ఆ కన్నడ చిత్రానికి దర్శకుడూ తనే, ప్రధాన పాత్రధారీ తనే. మురికివాడలో చెత్త ఏరుకుని బతికే అనాథ కుర్రాడు చదువుకుని తీరాలని పట్టుబట్టడమే కథ.

ఆ సెట్‌ను ఒక్కసారి కళ్ల ముందు నిలుపుకోండి. ఎదురుగా జాకీ ష్రాఫ్, సౌరభ్ శుక్లా. ఎన్నో సినిమాలు చేసిన నటులు. వాళ్ల భుజం దాకా కూడా రాని పిల్లవాడు సీను ఎలా రావాలో చెబుతున్నాడు. చెప్పి, తనే వెళ్లి కెమెరా ముందు నిలబడుతున్నాడు. ఆ పెద్దలు వింటున్నారు. నన్ను అన్నిటికంటే కదిలించేది ఆ వినడమే.

2006లో సినిమా విడుదలైంది. ఆ ఏడాదికి ఉత్తమ బాలల చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. నిర్మాత శైలజా శ్రీకాంత్, దర్శకుడు కిషన్. తొమ్మిదేళ్ల వయసులో పూర్తి నిడివి చిత్రం తీసినందుకు అప్పటికి ప్రపంచంలోకెల్లా పిన్న వయసు దర్శకుడిగా గిన్నిస్ పుస్తకంలోకీ ఎక్కాడు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య హక్కని చెప్పే చట్టం అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న. అంటే దేశం చట్టంలో రాసుకున్న మాటను ఈ పిల్లవాడు నాలుగేళ్ల ముందే తెర మీద అడిగేశాడు.

ఇప్పుడు అదే బెంగళూరులోని హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌కు రండి. హోసూరు రోడ్డు, సర్జాపుర రోడ్డు కలిసి పేరిచ్చిన కాలనీ ఇది. ఉద్యోగాలకొచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఇక్కడ ఎన్నో. ఇంటింటా హైస్కూలు పిల్లల చేతుల్లో ఫోనుంది. ఆ ఫోనుతోనే షార్ట్ ఫిల్మ్ తీయొచ్చు, ఎడిటింగూ చేసుకోవచ్చు. కాలనీ అంచున సిల్క్ బోర్డు కూడలి. అక్కడ బండి ఆగినప్పుడు పిల్లలు ఫోను కాస్త పక్కన పెట్టి అద్దంలోంచి బయటికి చూడాలని నా కోరిక. 2021లో వచ్చిన 'సినిమా బండి' చిత్రంలో ఓ పల్లె ఆటోడ్రైవరుకు కెమెరా దొరికింది. ఊరంతా కలిసి సినిమాకు పూనుకుంది. వాళ్లకు కథ కోసం ఊరు దాటాల్సిన పని పడలేదు.

అమ్మలకూ నాన్నలకూ ఒక్క మాట. సిగ్నల్ దగ్గర మీ అబ్బాయో అమ్మాయో కిషన్ అడిగిన ప్రశ్నే వేస్తే, మాట మార్చకండి. తెలిసినంత నిజం చెప్పండి. ఇంటికెళ్లాక ఓ తెల్ల కాగితం చేతికివ్వండి. కిషన్ సినిమా మొదలైంది అలాంటి కాగితం మీదే.