ఓడెక్కని ఇంటిపేర్లు

రాజాంలో కొత్తవాళ్లు కలిస్తే ఊరు అడిగిన వెంటనే "మీ ఇంటిపేరేటండీ?" అంటారు. ఇంటిపేరు కలిస్తే అన్నదమ్ముల వరస, ఇక పెళ్లి మాట ఉండదు. ఇక్కడ తాండ్ర అనగానే బొబ్బిలి యుద్ధం (1757), పాపారాయుడు గుర్తొస్తారు. గ్రంధి మాత్రం జీఎంఆర్ సంస్థ పేరులో ఒక్క అక్షరంగా మిగిలి ఢిల్లీ, హైదరాబాద్ విమానాశ్రయాల దాకా పోయింది.

ఆ ఒక్క అక్షరమైనా దక్కనివాళ్లు కూలి ఓడలెక్కిన తెలుగువాళ్లు. మద్రాసు నుంచి ట్రూరో ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అలాంటి ఓడల్లో వచ్చినవాళ్లకు నటాల్ గుమాస్తాలు ఒక్కో నంబరు వేసి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు రాసుకున్నారు. ఇంటిపేరుకు గడి లేదు! తర్వాతి తరాలను దొరల కాగితాలు 'సర్‌నేమ్' అడిగితే చేతికందింది కులబిరుదో, తాతపేరో. నాయుడు కాస్తా చివర రెండు 'ఓ'లు తగిలించుకుని అక్కడి భారతీయుల్లో బాగా వినిపించే ఇంటిపేరైంది. అయితే ఆ పేరున్నవాళ్లలో తమిళం మాట్లాడే కుటుంబాలూ చాలా ఉన్నాయి కాబట్టి ఆ పేరు పట్టుకుని ఊరు వెతకడం దండగ.

నా మటుకు తాతపేర్లే నయం. దక్షిణాఫ్రికాలో అప్పలస్వామి, అప్పలరాజు అనే ఇంటిపేర్లున్నాయి. సింహాద్రి అప్పన్నకు మొక్కుకుని పిల్లలకు పేర్లు పెట్టుకునే మన ప్రాంతం వాటిలో తెలిసిపోతుంది. ఆ ఇంట పుట్టిన ఆడపిల్ల కూడా 'మిస్ అప్పలస్వామి'యే!

వలసపోయిన చైనావాళ్లకీ మనలాగే ఇంటిపేరు ముందుంటుంది. ఒకే ఇంటిపేరు కాంటనీస్‌లో చాన్, మాండరిన్‌లో చెన్, హొక్కియెన్‌లో తాన్, వియత్నాంలో త్రాన్. పలుకు ఎంత మారినా చైనా లిపిలో రాసే అక్షరం ఒకటే కనుక చుట్టరికం దొరుకుతుంది. అయినా మారిషస్‌లో వాళ్లకూ తిప్పలు తప్పలేదు. అక్కడ తాత పూర్తి పేరే కొన్ని కుటుంబాలకు ఇంటిపేరైపోయింది.

నటాల్ రిజిస్టర్లలో ఊరు, జిల్లా ఉన్నాయి గనక దారి పూర్తిగా మూసుకుపోలేదు. కాకపోతే రాజాం కోసం వెతికేవాళ్లు 1950లో ఏర్పడిన శ్రీకాకుళం జిల్లానూ, 2022లో ఈ ఊరు చేరిన విజయనగరాన్నీ పక్కనపెట్టి అప్పటి విశాఖపట్నం జిల్లా కింద చూడాలి.