కాంటాక్ట్ లెన్సుల శుభ్రత, ప్రత్యామ్నాయాలు: అనకాపల్లి ప్రాంతం

కంటి ముందుభాగంలోని పారదర్శక పొర అయిన కార్నియాపై, కన్నీటి పొరలో నిలిచే పలుచని దృష్టి సవరణ సాధనం కాంటాక్ట్ లెన్సు. 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం నుంచి విడిపోయిన అనకాపల్లి జిల్లాలో, చెరకు తోటల్లోనూ బెల్లం పొయ్యిల దగ్గరా పనిచేసేవారికి లెన్సు కన్నా కళ్లద్దాలే మేలు. చెరకు ఆకు అంచు గీసుకుంటే ఫంగస్ కార్నియాలోకి చేరి పుండు కట్టవచ్చు. అద్దం కొంతైనా అడ్డుపడుతుంది, లెన్సు అడ్డుపడదు. పైగా దుమ్మును, పొగను కంటికి అంటిపెట్టి ఉంచుతుంది.

శుభ్రంగా వాడితే భయమెందుకన్నది న్యాయమైన ప్రశ్నే. అయితే ఇక్కడ శుభ్రత అంటే సబ్బుతో చేతులు కడిగి, పూర్తిగా ఆరబెట్టుకుని, రోజూ కొత్త ద్రావణంతో లెన్సును రుద్దడం, డబ్బీని మూడు నెలలకోసారి మార్చడం, లెన్సుతో నిద్రపోకపోవడం. లెన్సును నీటితో కడగకూడదు. మినరల్ వాటర్ తాగడానికి పనికొస్తుంది కానీ అది క్రిమిరహితం కాదు. నీటిలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి లెన్సుకు అంటుకుని కార్నియాకు సోకితే నెలల తరబడి చికిత్స తప్పదు. రోజుకొకటి వాడి పారేసే లెన్సులతో డబ్బీ బెడద పోతుంది, ఖర్చు పెరుగుతుంది.

లెన్సే అవసరమైనవారూ ఉన్నారు. కెరటోకోనస్ అనే కంటి జబ్బులో కార్నియా శంకువులా ముందుకు పొడుచుకొస్తుంది. అప్పుడు కళ్లద్దాలు చాలక గట్టి లెన్సు కావాలి. వీరికి చూపు సరిచేసే లేజర్ శస్త్రచికిత్స లేసిక్ సాధారణంగా చేయరు. మిగతావారికైనా పద్దెనిమిదేళ్లు దాటి, పవర్ స్థిరపడి, కార్నియా తగినంత మందంగా ఉంటేనే చేస్తారు. లెన్సు వాడేవారి కన్ను ఎర్రబడి నొప్పి పెడితే వెంటనే లెన్సు తీసి, అదే రోజు కంటి వైద్యుడికి చూపించాలి. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ చుక్కలు ఫంగస్ పుండును మరింత ముదరబెడతాయి.