జీరోడెర్మా పిగ్మెంటోసమ్

జీరోడెర్మా పిగ్మెంటోసమ్ తల్లిదండ్రుల నుంచి సంక్రమించే అరుదైన చర్మవ్యాధి. వైద్యులు దీన్ని పొట్టిగా ఎక్స్‌పీ అంటారు. ఎండలోని అతినీలలోహిత కిరణాల వల్ల చర్మకణాల డీఎన్‌ఏ దెబ్బతినడం అందరిలోనూ రోజూ జరిగేదే. మిగతావారి శరీరం ఆ దెబ్బను ఎప్పటికప్పుడు బాగుచేసుకుంటుంది. ఎక్స్‌పీ ఉన్నవారి శరీరానికి ఆ పని చేతకాదు, అందుకే దెబ్బలు పోగుపడుతూ పోతాయి. ఏడాది రెండేళ్ల వయసుకే ముఖం మీదా చేతుల మీదా నల్లమచ్చలు తేలతాయి, కళ్లు వెలుతురును ఓర్వవు, చర్మం ఎండిపోయి ముదురుతుంది. ఎండ తగలకుండా కాపాడకపోతే పదేళ్ల లోపే చర్మ క్యాన్సర్ రావచ్చు. ఇది అంటువ్యాధి కాదు. ఆడపిల్లలకూ మగపిల్లలకూ సమానంగా వస్తుంది.

అమెరికా, ఐరోపాల్లో ఈ వ్యాధి సుమారు పది లక్షల మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. జపాన్‌లో 22,000 మందిలో ఒకరికి ఉంటుంది. ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియా దేశాల్లోనూ ఎక్కువే. తెలుగు నేల నుంచి దీని మీద వెలువడిన ముఖ్యమైన అధ్యయనం ఒకటి చర్మవైద్యులది కాదు, కంటివైద్యులది. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ వైద్యులు 120 మంది భారతీయ ఎక్స్‌పీ రోగుల కళ్లలోనూ కళ్ల చుట్టూ పుట్టిన కణితులను పరిశీలించి, 2019లో అమెరికన్ జర్నల్ ఆఫ్ ఆఫ్తాల్మాలజీలో ప్రచురించారు. ఇంత అరుదైన వ్యాధిలో 120 మంది చిన్న సంఖ్య కాదు. కంటి ఆసుపత్రి గడప తొక్కేసరికే వ్యాధి ముదిరి ఉంటుందనీ, అంతకు ముందు మచ్చల దశలో దాన్ని గుర్తుపట్టే అవకాశం చేజారుతోందనీ ఆ కణితులను బట్టి అనుకోవచ్చు. కనురెప్పలు, నల్లగుడ్డు, తెల్లగుడ్డు ముందుభాగం ఎండకు నేరుగా ఎదురయ్యే భాగాలు కాబట్టి అవే ముందు దెబ్బతింటాయి. రెటీనాకు కటకం అడ్డుంటుంది కనుక అది చాలావరకు తప్పించుకుంటుంది. నాలుక కొన మీద కూడా క్యాన్సర్ వస్తుంది. పిల్లలు నోరు తెరిచి ఆడుకునేటప్పుడు ఎండ తగిలేది ఆ కొనకే.

చరిత్ర

వియన్నా చర్మవైద్యుడు మోరిట్జ్ కపోసి 1870లలో ఈ వ్యాధిని వర్ణించాడు, 1882లో ఇప్పటి పేరు పెట్టాడు. 1883లో ఆల్బర్ట్ నైసర్ ఇద్దరు అన్నదమ్ముల్లో చర్మంతో పాటు నరాలూ క్షీణించడం గమనించాడు. కారణం మాత్రం 85 ఏళ్ల దాకా తెలియలేదు. 1968లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త జేమ్స్ క్లీవర్ ఎక్స్‌పీ రోగుల చర్మకణాలను అతినీలలోహిత కాంతికి గురిచేసి, అవి తమ డీఎన్‌ఏను బాగుచేసుకోలేకపోతున్నాయని నేచర్ పత్రికలో చూపాడు. క్యాన్సర్‌కు మూలం డీఎన్‌ఏలోని మార్పులేనన్న వాదానికి మనిషిలో దొరికిన తొలి గట్టి సాక్ష్యాల్లో అది ఒకటి. 1972లో నెదర్లాండ్స్ పరిశోధకులు వేర్వేరు రోగుల కణాలను కలిపి చూశారు. కొన్ని జంటల్లో ఒకదాని లోటును మరొకటి పూడ్చింది. అంటే వ్యాధి ఒకటే అయినా చెడిన జన్యువులు వేరన్నమాట. అలా లెక్కించగా తేలినవి ఎనిమిది రకాలు: ఎ నుంచి జి వరకు ఏడు, వేరియంట్ అనే ఎనిమిదోది. ఈ మరమ్మతు పద్ధతిని అణువుల స్థాయిలో వివరించిన అజీజ్ సంజార్‌కు 2015లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో వాటా దక్కింది.

చెడేది ఏమిటి

అతినీలలోహిత కిరణం తగిలినప్పుడు డీఎన్‌ఏ పోగులో పక్కపక్కనే ఉన్న రెండు థైమిన్లు గానీ సైటోసిన్లు గానీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఆరోగ్యవంతుల కణంలో సి, ఇ రకాల ప్రోటీన్లు ఆ వంకరను పసిగడతాయి. బి, డి ప్రోటీన్లు అక్కడ పేటలను విడదీస్తాయి, ఎ ప్రోటీన్ సరిచూస్తుంది, ఎఫ్, జి ప్రోటీన్లు అటూ ఇటూ కత్తిరిస్తాయి. సుమారు 30 అక్షరాల ముక్క ఊడిపోతుంది, ఎదుటి పేటను చూసి కొత్త ముక్క తయారవుతుంది. ఈ ప్రోటీన్లలో ఏ ఒక్కటి లోపించినా పని కుంటుపడుతుంది. వేరియంట్ రకంలో మరమ్మతు సక్రమంగానే ఉంటుంది, కానీ అతుక్కుపోయిన చోటును తప్పులేకుండా దాటించే పాలిమరేజ్ ఈటా అనే ఎంజైమ్ ఉండదు. దాని జన్యువు 1999లో దొరికింది.

రకాన్ని బట్టి రోగి బతుకు మారే తీరు మొదట విన్నప్పుడు తలకిందులుగా అనిపిస్తుంది. సుమారు సగం మంది పిల్లల్లో కొద్ది నిమిషాల ఎండకే ఒళ్లు కమిలి బొబ్బలెక్కి, మానడానికి వారాలు పడుతుంది. బిడ్డను ఎండలో వదిలేశారని తల్లిదండ్రులు మాట పడేదీ ఇక్కడే. సి, ఇ, వేరియంట్ రకాల పిల్లలు అలా కమలరు, వాళ్లకు మొదట మచ్చలు మాత్రమే వస్తాయి. ఎండకు ఏడవని బిడ్డను ఎవరు ఇంట్లో దాస్తారు? అందుకే చర్మ క్యాన్సర్లు వీరికే ముందుగా వస్తాయి. కమిలిపోయే బిడ్డను ఇంటివాళ్లు మొదటి నుంచీ నీడపట్టున పెంచుతారు కనుక చర్మం కొంత మిగులుతుంది. అయితే ఆ పిల్లల్లోనే నరాల క్షీణత ఎక్కువ: వినికిడి తగ్గడం, తూలుతూ నడవడం, చదువులో వెనకబడడం, మింగడం కష్టమవడం. దీనికి ఎండతో సంబంధం లేదు, చీకట్లో పెంచినా ఆగదు.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 1971 నుంచి 2009 వరకు చూసిన 106 మంది రోగుల వివరాలను 2011లో ప్రచురించాయి. మెలనోమా అనే ప్రమాదకర రకం కాని మొదటి చర్మ క్యాన్సర్ సగటున 9వ ఏట వచ్చింది. సాధారణ అమెరికన్లలో ఆ వయసు 67. మెలనోమా 22వ ఏట వచ్చింది. ఇరవై ఏళ్ల లోపువారిలో మామూలు చర్మ క్యాన్సర్ ముప్పు తోటివారికన్నా 10,000 రెట్లు. మరణించినవారి సగటు వయసు 32.

మేనరికం లెక్క

ఇది అంతర్గత జన్యులోపం. తల్లీ తండ్రీ ఇద్దరూ చెడిన ప్రతిని మోస్తేనే బిడ్డకు వస్తుంది, ఒక్కో కాన్పులో వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మోసేవారికి ఏ లక్షణమూ ఉండదు. అందుకే మా వంశంలో ఎవరికీ లేదే అన్న మాట నిజమై ఉండి కూడా వ్యాధి వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు నాలుగింట ఒక పెళ్లి ఇప్పటికీ రక్తసంబంధంలోనే జరుగుతోంది. ఉదాహరణకు 500 మందిలో ఒకరు ఈ లోపాన్ని మోస్తున్నారనుకుందాం. సంబంధం లేని ఇద్దరికి పుట్టే బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం పది లక్షల్లో ఒకటి. మేనబావ మరదళ్ల బిడ్డకు అది సుమారు 16,000లో ఒకటి, మేనమామ మేనకోడళ్ల బిడ్డకు 8,000లో ఒకటి. అంకె ఇప్పటికీ చిన్నదే, మేనరికం చేసుకున్న ప్రతి ఇంటినీ బెదిరించేంత కాదు. కానీ ఆ ఇంట మొదటి బిడ్డకు వ్యాధి తేలాక రెండో కాన్పుకు లెక్క నాలుగింట ఒకటిగా మారిపోతుంది. లోపం ఏ జన్యువులో ఉందో ముందే తెలిస్తే గర్భంలోనే పరీక్ష చేయవచ్చు. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ అనే డీఎన్‌ఏ పరిశోధన కేంద్రం, నిమ్స్ ఆసుపత్రి కలిసి అరుదైన జన్యువ్యాధుల కేంద్రంగా పనిచేస్తున్నాయి.

చామనఛాయ రక్షిస్తుందన్న నమ్మకానికి ఇక్కడ ఆధారం లేదు. రెండేళ్లు నిండని చామనఛాయ బిడ్డకు ముక్కు మీదా బుగ్గల మీదా ఆవాలు చల్లినట్టు మచ్చలు తేలితే, వాటి మధ్య తెల్లచుక్కలూ కనిపిస్తే, పెద్దయ్యాక పోతాయిలే అని ఊరుకోకూడదు.

జురాంగ్ ఈస్ట్ వెలుతురు

ఎక్స్‌పీ ఉన్న కుటుంబానికి తామున్న ఊరి వెలుతురు వైద్యంలో భాగమే. తెలుగువారు స్థిరపడిన ఊళ్లలో ఇందుకు తేటైన ఉదాహరణ సింగపూర్. ఆ ద్వీపం భూమధ్యరేఖకు ఉత్తరంగా ఒకటిన్నర డిగ్రీ లోపే ఉంది. మార్చి, సెప్టెంబర్ నెలల్లో సూర్యుడు నిట్టనిలువుగా నెత్తి మీదికి వస్తాడు. ఆ దేశ పర్యావరణ సంస్థ అతినీలలోహిత సూచికను పగలంతా గంట గంటకూ ప్రకటిస్తుంది. మధ్యాహ్నం అది 11 దాటి తీవ్ర స్థాయికి చేరడం అక్కడ వింత కాదు. గడియారం సూర్యుడికన్నా సుమారు గంట ముందుండడం వల్ల నడినెత్తి ఎండ పన్నెండుకు కాక ఒంటిగంట ప్రాంతంలో వస్తుంది. మన ఊళ్ల అలవాటు ప్రకారం మూడింటికి ఎండ తగ్గిందనుకునేవారు అక్కడ పొరబడతారు. పగలు ఏడాది పొడవునా పన్నెండు గంటలే కనుక, ఊపిరి పీల్చుకోవడానికి శీతకాలం అంటూ ఉండదు.

ద్వీపం పడమటి వైపున్న జురాంగ్ ఈస్ట్‌లో రైలు స్టేషన్ నుంచి వాణిజ్య సముదాయాలకూ, 2015లో మొదలైన ఎంగ్ టెంగ్ ఫాంగ్ ఆసుపత్రికీ పైకప్పున్న ఎత్తు నడవాలు ఉన్నాయి. నివాస భవనాల కింద వాయిడ్ డెక్ అనే ఖాళీ నేల అంతస్తు ఉంటుంది, అక్కడి నుంచి బస్సు దాకా కప్పు కింద నడిచే దారులూ వేశారు. వాన, వేడి తగలకుండా కట్టిన ఈ ఏర్పాటు ఎక్స్‌పీ బిడ్డకు సగం మేలు చేస్తుంది, సగమే. కప్పు ఆపేది సూర్యుడి నుంచి నేరుగా వచ్చే కిరణాన్ని. ఆకాశం నుంచి చెదిరి వచ్చే కిరణాలు తెరిచి ఉన్న పక్కల నుంచి లోపలికి వస్తూనే ఉంటాయి. సింగపూర్‌లో మబ్బు పట్టని రోజు అరుదు గానీ, పలుచటి మబ్బు గుండా 90 శాతానికి పైగా అతినీలలోహిత కిరణాలు దూరివస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. చల్లగా ఉంది కదా అని బిడ్డను బయటికి తీసుకెళ్లడం అందుకే ప్రమాదం. వేడి, వెలుగు, అతినీలలోహితం మూడూ వేర్వేరు. చర్మానికి తెలిసేది మొదటిది, కంటికి తెలిసేది రెండోది, కణాన్ని దెబ్బతీసేది మూడోది. అందుకే ఈ కుటుంబాలు చేతిలో పట్టే కొలమానంతో గదులనూ కిటికీలనూ కొలుచుకుంటాయి.

రక్షణ, చికిత్స

వ్యాధిని నయం చేసే మందు లేదు. దట్టమైన నేత దుస్తులు, చేతి తొడుగులు, ముఖానికి అతినీలలోహితాన్ని ఆపే పారదర్శక ముసుగు, ఎస్‌పీఎఫ్ 50 లేపనం, కళ్లద్దాలు పగలంతా ఉండాల్సిందే. మామూలు కిటికీ గాజు అతినీలలోహితంలో యూవీ-బి రకం కిరణాలను ఆపుతుంది గానీ యూవీ-ఎలో చాలా భాగాన్ని వదిలేస్తుంది కనుక గాజుకు ఫిల్మ్ అతికించాలి. కారు ముందు అద్దం బాగానే ఆపుతుంది, పక్క అద్దాలను నమ్మలేం. ఇంట్లో హాలోజన్, ట్యూబులైట్ల స్థానంలో ఎల్ఈడీ దీపాలు పెట్టుకోవాలి. ఎండ తగలదు కాబట్టి డి విటమిన్ మాత్రగా ఇవ్వాలి. మూడు నెలలకోసారి ఒళ్లంతా, నాలుకతో సహా, పరీక్షించి, అనుమానం ఉన్న మచ్చను చిన్నగా ఉండగానే తీసేస్తారు. అధిక మోతాదు ఐసోట్రెటినాయిన్ కొత్త క్యాన్సర్లను తగ్గిస్తుందని 1988లో తేలింది గానీ, మందు ఆపగానే అవి తిరిగి వచ్చాయి, దుష్ఫలితాలూ ఎక్కువే. పొగాకు పొగ చేసే గాయాన్ని బాగుచేసేదీ ఈ మరమ్మతు వ్యవస్థే, అందుకే ఆ ఇంట్లో ఎవరూ పొగ తాగకూడదు. అదే కారణంగా సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందు వీరికి ప్రాణాంతకం కావచ్చు.

న్యూయార్క్‌లో 1990ల మధ్యలో మొదలైన క్యాంప్ సన్‌డౌన్‌లో ఈ పిల్లలు రాత్రి వేళ ఆరుబయట ఆడుకుంటారు. ఫ్రాన్స్‌లో వీరిని వెన్నెల పిల్లలంటారు. ఆ పేరు ముద్దుగానే ఉంది గానీ, బడులు మామూలుగా నడిచేది పగలే.

పోలిన వ్యాధులు

కొకేన్ సిండ్రోమ్‌లోనూ ఎండ పడదు, కానీ క్యాన్సర్ ముప్పు పెరగదు, ఎదుగుదలే ఆగుతుంది. బొల్లి ఉన్నవారికీ, పుట్టుకతో రంగు లేనివారికీ చర్మం కమలడానికి కారణం మెలనిన్ కొరత, డీఎన్‌ఏ మరమ్మతు లోపం కాదు. ఎరిత్రోపొయిటిక్ ప్రోటోపోర్ఫైరియాలో రక్తంలో పేరుకున్న ప్రోటోపోర్ఫిరిన్ వల్ల ఎండ తగిలిన చోట భరించలేని మంట పుడుతుంది, పైకి మాత్రం పెద్దగా ఏమీ కనిపించదు. ఇందులో దెబ్బతీసేది కంటికి కనిపించే ఊదారంగు వెలుగు. ఎక్స్‌పీ కోసం అతికించిన పారదర్శక ఫిల్మ్ దీన్ని ఆపలేదు, మామూలు సన్‌స్క్రీనూ అంతే. దీనికి మాత్రం అఫామెలనోటైడ్ అనే మందు ఉంది. ఐరోపా 2014లో, అమెరికా 2019లో దాన్ని అనుమతించాయి.