కోరంగి రేవు – ఓడపనివారి స్మృతి

అమరకోశమున కోరంగి యనగా చిన్నయేలకి. బర్మా దేశీయుల వాడుకలో కోరంగి యనగా తెలుగువాడు. గోదావరి సాగరసంగమ ప్రాంతమున కోరంగి యనగా నేడొక గ్రామము మాత్రమే. కాకినాడ జిల్లా తాళ్ళరేవు మండలమున, గౌతమి పాయ యొడ్డున, మడయడవుల చెంతనున్న యీ గ్రామము ఒకప్పుడు బంగాళాఖాత తీరమున ప్రసిద్ధి వహించిన నౌకానిర్మాణ స్థానము. కలకత్తాకును సింహళమందలి తిరుకోణమలకును నడుమ పెద్ద యోడలను మరమ్మతు చేయదగిన రేవు ఇదియేయని ఆంగ్లేయులు వ్రాసియుంచిరి. కళింగ శబ్దమే కాలక్రమమున కోరంగి యయ్యెనని 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటుకర్తలు ఊహించిరి. ఊహ యెట్లున్నను, ఒక రేవు పేరు సముద్రమును దాటి ఒక జాతికే పేరగుట సామాన్య విషయము కాదు. ఆ పేరును మోసికొనిపోయినవారు రాజులు కారు, ధనికులగు వర్తకులు కారు; చేతిపనివారును, మూటలు మోయు కూలివారును. వారి కథ యేల వ్రాయబడలేదో, ఇప్పుడైనను ఎట్లు వ్రాయవచ్చునో విచారించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

రేవునకు మూడు ఉనికులు గలవు. మొదటిది నీటిలోనిది. నది మేట వేసినను, సముద్రము వెనుదీసినను అది పోవును. రెండవది రాతిలోనిది. శాసనము, కోట, సమాధి, దీపస్తంభము మున్నగునవి నీరు తొలగిన పిదపను కొన్ని శతాబ్దములు నిలుచును. మూడవది నోటిలోనిది. పనివాని పలుకుబడి, పనిముట్టు పేరు, తాత చెప్పిన తుపాను కథ, ఇవి చెప్పువాడు పోయిననాడే పోవును. మొదటి రెండింటిని గూర్చి పండితులు చాల వ్రాసిరి. మూడవదానిని గూర్చి వ్రాసినది కొలది.

రాతిలోను లోహములోను నిలిచినది యెవరి పేరో ముందుగా చూడవలెను. క్రీస్తు శకము రెండవ శతాబ్దిలో శాతవాహన ప్రభువగు యజ్ఞశ్రీ శాతకర్ణి రెండు స్తంభముల యోడబొమ్మతో నాణెములు ముద్రింపించెను. నాణెమున ఓడయున్నది, రాజు పేరున్నది. ఓడ చేసిన వడ్రంగి లేడు. 1244లో కాకతి గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. అంతకు పూర్వము గాలివానలో చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకునంతయు రాజులు లాగికొనెడివారు. నియతమైన సుంకము తప్ప మరేమియు గొనబోమని గణపతిదేవుడు వర్తకులకు మాట యిచ్చెను. 1358లో కొండవీటి అనవోతారెడ్డి యదే రేవున వర్తకులకు ధైర్యము చెప్పుచు మరల శాసనము వేయించెను. రేవు పోయినది, రాజ్యములు పోయినవి. మాట మాత్రము రాతిపై నిలిచినది. అయినను అది వర్తకునకు చెప్పిన మాట. తక్కెడ పట్టిన చేతికి అభయము దొరకెను గాని బాడిస పట్టిన చేయి శాసనమున కెక్కలేదు.

మచిలీబందరునందును ఇదియే తీరు. బందరను పదమునకే ఓడరేవని యర్థము. గోల్కొండ సుల్తానుల కాలమున నిది తూర్పుతీరమునకు ముఖద్వారము. 1611లో ఆంగ్లేయులు ఇచ్చట వర్తకస్థానము నెలకొల్పిరి. అంతకు ముందే వచ్చిన డచ్చివారి సమాధులు నేటికిని అక్కడ చూడనగును. వాటిపై వంశచిహ్నములు, పేర్లు, తేదీలు శ్రద్ధగా చెక్కబడియున్నవి. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన వచ్చి బందరు ప్రాంతమున సుమారు 30,000 మందిని పొట్టనబెట్టుకొన్నది. అంతమంది పేర్లు చెక్కగల రాయి యెక్కడిది? పరదేశి వర్తకుని పేరు మూడు వందల యేండ్లకు పైగా నిలిచియుండగా, అతని సరకు మోసిన కలాసి పేరు మూడు తరములకే మాసిపోయినది.

కోరంగి వడ్రంగుల నేర్పు ఆకస్మికముగా బుట్టినది కాదు. వసిష్ఠ గోదావరి యొడ్డునగల నరసాపురమున, దానిచెంత మాధవాయిపాలెమున, పదునేడవ శతాబ్దియందే పెద్ద యోడలు కట్టబడుచుండెను. 1669 మొదలు 1679 వరకు బంగాళాఖాత తీరములలో సంచరించిన తామస్ బౌరీ యను ఆంగ్ల నావికుడు నరసాపురమున మంచి కలపయు, ఇనుమును, నిపుణులగు పనివారును లభింతురని వ్రాసియున్నాడు. ఆ విద్యయే గౌతమి యొడ్డునను వర్ధిల్లెను. కొండలనుండి టేకు దుంగలు తెప్పలుగా గోదావరి వెంట దిగివచ్చుచుండెను. పందొమ్మిదవ శతాబ్ది తొలియేండ్లలో ఎబనేజరు రోబక్ అను ఆంగ్లేయుడు కోరంగియందు గోదీ నిర్మించెను. గోదీ యనగా ఓడ లోనికి వచ్చిన పిదప ద్వారము మూసి, నీరు తోడి, అడుగుభాగము బయటపడునట్లు చేయు కట్టడము. అందు దిగి పుచ్చిన పలకలను తీసి కొత్తవి వేయుటయు, సందులలో నార దట్టించి గుగ్గిలము పూయుటయు పనివారి విధి.

భోజరాజు పేర ప్రసిద్ధమైన యుక్తికల్పతరువు ఓడల నిడివిని, ఎత్తును బట్టి వానికి భేదములు చెప్పినది. పేర్లకును కొలతలకును ప్రాధాన్యమిచ్చిన ఆ గ్రంథము చదివి యెవడును ఓడ కట్టజాలడు. కట్టుట యను విద్య వేరు. కాగితముపై పటము గీయకయే, నూలుత్రాటితోను కంటిచూపుతోను వంపులు నిర్ణయించి, ఎన్నడే మ్రాను కొట్టవలెనో, ఏ దుంగ అడుగుదూలమునకు దగునో, ఏది ప్రక్కటెముకల వంటి వంపుకొయ్యలకు దగునో తండ్రి కొడుకునకు చేతిమీదుగా నేర్పెడివాడు. చేతినుండి చేతికి వచ్చు విద్య ఒక్క తరము చేయి చాచకున్న చాలును, అంతరించును.

కోరంగిని మొదట గొట్టినది గాలి. 1789 డిసెంబరులో వచ్చిన తుపానున మూడు పెనుకెరటములు ఒకదాని వెనుక నొకటి పట్టణముపై బడెననియు, 20,000 మంది మృతినొందిరనియు చెప్పుదురు. 1839 నవంబరు 25న మరియొక యుప్పెన వచ్చెను. దానిలో మూడులక్షల మంది మడిసిరని పుస్తకములలో తరచు కనబడు అంకె, నాటి తీరగ్రామముల జనసంఖ్యను తలచిన, అతిశయోక్తిగా దోచును. 1848లో సైక్లోను అను పదమును లోకమునకిచ్చిన హెన్రీ పిడింగ్టన్ పరిశీలించిన గాలివానలలో కోరంగి తుపానును గలదు. లోకమంతయు నేడు వాడు ఆ మాటవెనుక కోరంగివాసుల యార్తనాదము గలదని తెలిసినవారు కొలది.

గాలి ఒక్క రాత్రిలో మొదలిడినదానిని ఒండ్రు నిదానముగా ముగించెను. గౌతమి తెచ్చిన మట్టి సంగమమున మేటవేయుచు, పాయను పూడ్చుచు, సముద్రమును దూరము చేయుచు వచ్చెను. కాకినాడకు ఎదుట హోపు దీవి ఏర్పడినదియు ఇట్టి మేటచేతనే. ఆ దీవి చాటున కాకినాడ రేవు పెరుగగా, కోరంగికి పెద్ద యోడలు రాక మానెను. ఇరవయ్యవ శతాబ్ది ప్రవేశించునప్పటికి కోరంగి వర్తకము నామమాత్రమయ్యెను. 1978లో కోరంగి మడయడవులు వన్యప్రాణి సంరక్షణ కేంద్రముగా ప్రకటింపబడినవి. పక్షికిని నీటిపిల్లికిని రక్షణ యేర్పడినది, సంతోషింపదగినదే. అచ్చటనే ఓడలు కట్టినవారి మాటకు అట్టి రక్షణ యింకను ఏర్పడలేదు.

రేవు పూడినను దాని పేరు పూడలేదు. తీరాంధ్రులు రంగూనును రంగమనిరి. ‘రంగము పోయినాడు’ అన్నమాట గోదావరి, విశాఖపట్టణ, గంజాము ప్రాంతముల యిండ్లలో ఆశకును దుఃఖమునకును గూడ వాడబడిన మాట. మేస్త్రి యిచ్చిన బయానాతో ఇంటి యప్పు కొంత తీర్చి, పొగయోడ పైకప్పుమీద కూర్చుండి, కూలివాడు ఆవలి యొడ్డు చేరెడివాడు. ఆ బయానా తీరువరకు అతని కూలి మేస్త్రి చేతిలో నుండెను. 1931 జనాభా లెక్కల నాటికి రంగూను నగరవాసులలో సగమునకు మించినవారు భారతీయులే. నాడు ప్రపంచమున అత్యధికముగా బియ్యము ఎగుమతి చేయుచున్న దేశము బర్మా. ఆ బియ్యపు బస్తాలను ఓడలకెక్కించిన భుజములలో తెలుగు భుజములే హెచ్చు.

1930 మే నెలలో రంగూను రేవు తెలుగు కూలీలు కూలి పెంచవలెనని సమ్మె కట్టిరి. ఓడ సరకు గుత్తదారులు వారి స్థానమున బర్మీయులను పనిలో బెట్టిరి. నెల చివర సమ్మె పరిష్కారమై తెలుగువారు మరల పనికి రాగా, బర్మీయులకు పని లేదని చెప్పిరి. ఉభయులును పేదలే, ఉభయులకును ఆ దినపు కూలియే ఆ దినపు కూడు. మే 26న రేవున బుట్టిన కలహము నగరమంతట వ్యాపించి నూరుమందికి పైగా హతులైరి. వారిలో తెలుగువారే యధికము. గుత్తదారుల లెక్కలలో అది కొలది దినముల పని నష్టము. తీరగ్రామములలో అది రాని మనియార్డరు, చేరని ఉత్తరము, తిరిగిరాని కొడుకు.

1941 డిసెంబరు 23న జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. రేవున పనిలోనున్న కూలీలు పెక్కురు బలియైరి. 1942 మార్చిలో నగరము జపానువశమయ్యెను. నాలుగు లక్షలకు మించిన భారతీయులు, ఓడలు దొరకక, అరకాను కొండలమీదుగా చిట్టగాంగునకును, తమూ కనుమమీదుగా మణిపురమునకును కాలినడకను బయలుదేరిరి. కలరా చేతను, ఆకలి చేతను దారిలోనే వేలకొలది మంది రాలిపోయిరి. యుద్ధానంతరము తిరిగిపోయినవారిలోను అనేకులు 1960 దశకమున బర్మా ప్రభుత్వము వర్తకమును జాతీయము చేసిన పిదప మరల వచ్చివేసిరి. విశాఖపట్టణమున బర్మా క్యాంపు అను పేటకు ఆ పేరు ఇట్లు వచ్చినదే.

విశాఖపట్టణమున మరియొక యధ్యాయము మొదలైనది. 1933లో అచ్చటి నౌకాశ్రయము ఆరంభమయ్యెను. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాదుగారు సింధియా కంపెనీ నౌకానిర్మాణశాలకు శంకుస్థాపన చేసిరి. మరుసటి యేడు ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపై బాంబులు వేసెను. అయినను పని సాగి, 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూగారు జలఉష యను నౌకను నీటిలోనికి విడిచిరి. ప్రధానమంత్రి పేరు, కంపెనీ పేరు, ఓడ పేరు చరిత్రకెక్కినవి. ఇనుపరేకులు వంచి, కాలిన మేకులు కొట్టి, ఎండలో ఆ యోడను నిలబెట్టినవారి పేర్లు హాజరు పట్టీలలో నుండెను. యజ్ఞశ్రీ నాణెము నాటినుండి జలఉష వరకు పద్ధతి మారలేదు.

కనుక చేయవలసిన దేమి? రాతిలోని దానిని ప్రభుత్వము కాపాడవలెను. శాసనములకు నీడయు, సమాధులకు ప్రహరియు కావలెను. నోటిలోని దానిని కాపాడుట ప్రభుత్వము చేతిలోని పని కాదు. అది గ్రామములు తమంత తాము చేసికొనవలసినది. రంగము నడిచివచ్చినవారు నేడు లేరు. వారి మాట విన్న కొడుకులు, కూతుళ్ళు వృద్ధులైనారు. ఇక ఒక్క తరముమాత్రమే మిగిలినది. మచిలీపట్టణమున 2023లో క్రొత్త నౌకాశ్రయ నిర్మాణము ఆరంభమైనది. తీరమంతట క్రొత్త రేవులు లేచుచున్నవి. క్రొత్త రేవు లేచునప్పుడే పాతరేవు గుర్తులు త్వరగా చెరిగిపోవును.

గ్రంథాలయమునకు ఈ పని క్రొత్త కాదు. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువపై పడవ గ్రంథాలయము నడిపించి, ప్రయాణికులకును పడవవారికిని పుస్తకములు అందించిరి. నాడు పుస్తకము పడవవాని యొద్దకు పోయినది. నేడు పడవవాని మాట పుస్తకములోనికి రావలెను. ఇందుకు పాండిత్యము అక్కరలేదు. ఒక బౌండు పుస్తకము, ఓపికగల యొక యువకుడు చాలును. పెద్దల నడిగి పేరు, ఊరు, పోయిన యేడు, ఎక్కిన రేవు, చేసిన పని, కూలి, మేస్త్రి పద్ధతి వ్రాయవలెను. బాడిస, ఉలి, లంగరు, చుక్కాని మొదలు పనివారి వాడుకలోనున్న ప్రతి మాటను, వారు చెప్పినట్లే, వారి యుచ్చారణతోనే వ్రాసికొనవలెను. మగడు రంగమునుండగా ఇల్లు నడిపిన స్త్రీల మాట మరువరాదు. అప్పు తీర్చినదియు, పిల్లలను పెంచినదియు వారు. పెట్టె అడుగున మిగిలిన పాత ఉత్తరమును, మనియార్డరు రసీదును నకలు తీసి, అసలు ఆ యింటివారికే భద్రముగా తిరిగి యీయవలెను.

మోటుపల్లి వర్తకునకు చక్రవర్తి రాతిమీద అభయమిచ్చెను. ఓడ కట్టినవానికి, బస్తా మోసినవానికి ఈయవలసిన అభయమొక్కటి మిగిలియున్నది: నీ పేరు పోనీయము అనుట. దానికి శిల అక్కరలేదు. ప్రతి తీరగ్రామ గ్రంథాలయపు బీరువాలోను ఇట్టి పుస్తకమొక్కటి యుండి, ఏటేట దానిలో కొన్ని పుటలు నిండుచుండిన చాలును.