విద్యుచ్ఛకటము: అరుగుదల లెక్క

విద్యుత్ వాహనములకు రహదారి పన్నును, రిజిస్ట్రేషను రుసుమును పూర్తిగా మినహాయించుచు తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరులో ఇచ్చిన ఉత్తరువు 2026 డిసెంబరు 31తో ముగియును గనుక, గడువులోపల బండి మార్చుకొనవలెనా, పెట్రోలుతోనే కాలము గడపవలెనా యను చర్చ హైదరాబాదులో ఇంటింట వినవచ్చుచున్నది. అందరును మొదట వేయు లెక్క ఒక్కటే. ఒక యూనిట్ కరెంటుతో స్కూటరు 30 కిలోమీటర్లు నడచును. యూనిట్ 8 రూపాయలనుకొన్నను కిలోమీటరుకు పావలా కంటె కొంచె మెక్కువ. లీటరు పెట్రోలు నూరు రూపాయలు దాటిన ఈ రోజులలో, లీటరుకు 45 కిలోమీటర్లిచ్చు స్కూటరుకు కిలోమీటరు ఖర్చు రెండు రూపాయలకు పైమాటే. ఈ లెక్కలో తప్పు లేదు. కాని కరెంటు వ్యయములో ఒక భాగము మాత్రమే, బ్యాటరీ అరుగుదల వేరొక భాగము. ఆ అరుగుదలను భరించువా రెవరను ప్రశ్న పెట్రోలు బంకు లింకను పుట్టని కాలముననే లండను నగరమున ఒక కంపెనీని ముంచినది.

అంతకు పూర్వపు కథ స్వల్పము. 1800లో వోల్టా యను శాస్త్రజ్ఞుడు నిర్మించిన విద్యుద్ఘటము మొదలు అరువదేండ్లపాటు విద్యుత్తు కావలెనన్న జింకు లోహమును హరింపక తప్పదు. అది బొగ్గు కంటె అనేకరెట్లు ప్రియము గనుక విద్యుచ్ఛకటము ప్రయోగశాల గడప దాటలేదు. 1859లో ప్లాంటే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మరల మరల నింపుకొన వీలగు సీసపు బ్యాటరీని కనుగొనెను. 1881లో ఫోర్ అనువాడు దాని పలకలకు సీసభస్మ లేపనము పట్టించి బలము పెంచెను. ఆ యేడే ట్రూవే యనువాడు పారిసు వీధిలో మూడు చక్రముల విద్యుద్వాహనమును నడపెను.

ఇక నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టము. 1897 ఆగస్టు మాసమున, విక్టోరియా రాణి వజ్రోత్సవపు సందడి యింకను మాయని లండనులో, వాల్టర్ బెర్సీ యను యువకుడు లండను ఎలక్ట్రికల్ క్యాబ్ కంపెనీ పక్షమున పండ్రెండు విద్యుత్ క్యాబులను బాడుగకు దించెను. తపాలాశాఖ ప్రధాన ఇంజనీరు విలియం ప్రీస్ వంటి పెద్దలు ఆ ప్రారంభమునకు విచ్చేసిరి. పసుపు నలుపు వన్నెలతో, లోపల విద్యుద్దీపముల కాంతితో, మోటారు మంద్రఝంకారముతో తిరుగు ఆ బండ్లను జనులు 'హమ్మింగ్ బర్డ్' అను పిట్టపేరుతో పిలిచిరి. వేలకొలది గుఱ్ఱముల గిట్టల మ్రోతకును, లద్దె దుర్గంధమునకును అలవడిన నగరమున అట్టి నిశ్శబ్దయానము ఎంతటి యద్భుతముగ తోచియుండునో! (ఆ సెప్టెంబరులోనే ఒక చోదకుడు మద్యము సేవించి బండిని న్యూ బాండ్ వీథిలోని యొక కట్టడమునకు ఢీకొట్టి శిక్ష పొందెను, మోటారు బండి చరిత్రలో అట్టి నేరములకు అదియే తొలి ఉదాహరణమని చెప్పుదురు.)

ఈ క్యాబుల సీటు క్రింద నలువది ఘటముల బ్యాటరీ, బరువు సుమారు 700 కిలోలు. అందులో నిలువయుండు శక్తి మన కొలతలో పదమూడు యూనిట్లకు మించి పదునాలుగు లోపు. అనగా ఒకటిన్నర లీటరు పెట్రోలులోని ఉష్ణశక్తికి సమానము. పెట్రోలు ఇంజను ఆ ఉష్ణములో ముప్పాతిక వంతు వరకు వ్యర్థపుచ్చును, మోటారు నూటికి ఎనుబది పాళ్లకు పైగా చలనముగ మార్చును. ఐనను ఆ కొద్దిపాటి శక్తికై ఎంత బరువు మోయవలసివచ్చెనో చూడుడు. బ్యాటరీ యుడిగినంతనే లాంబెత్‌లోని జక్సన్ వీథి డిపోలో జలపీడనముచే పనిచేయు లిఫ్టు పాతదానిని దించి, నిండినదానిని రెండు మూడు నిమిషములలో ఎక్కించుచుండెను. నేడు నూతన విద్యగా చెప్పుకొను బ్యాటరీ మార్పిడి నూట ముప్పదేండ్లనాడే అంత చక్కగ నడచినదని తెలిసి నే నానందపరవశుడనైతిని.

కాని రెండు టన్నుల బండి రాళ్లు పరచిన బాటలపై పరుగిడగా రబ్బరు టైర్లు శీఘ్రముగ అరిగిపోయెను. కుదుపులకు సీసపు పలకల లేపనము రాలిపోయెను. కొన్ని మాసములకే పళ్లచక్రము లరిగి, మంద్రఝంకారము కర్కశధ్వని యాయెను. బాడుగయా, గుఱ్ఱపు క్యాబుతో సమానముగ ఉంచక తప్పదు. కంపెనీని నష్టపరచినది కరెంటు వ్యయము గాదు, టైర్లును పలకలును. బండ్లు డెబ్బదికి పైగా పెరిగినను 1899లో సంస్థ మూతపడెను.

బెర్సీ యోటమికి సరియైన ప్రత్యుత్తరము అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ పట్టణమున లభించినది. అచ్చటి విద్యుత్ కంపెనీ 1910 మొదలు 1924 వరకు, బ్యాటరీ లేని ట్రక్కును కొన్న వర్తకునకు నిండిన బ్యాటరీలను తానే అందించి, నెలసరి రుసుమును, నడచిన మైళ్లకు తగిన సొమ్మును గైకొనెను. అరుగుదల భారము దానిని మోయగల వారిపై పడినది. ఐనను అప్పటికే 1901లో టెక్సాసున చమురు పొంగెను. 1912లో కాడిలాక్ కారునకు విద్యుత్ స్టార్టరు అమరగా చేతితో త్రిప్పు హ్యాండిలు శ్రమ తప్పెను. ఫోర్డు కారు వెల యేటేట దిగెను. ఇట్లు పెట్రోలు బండి జయింపగా విద్యుత్ బండి యింగ్లండులో ఇంటింట పాలసీసాలు పంచు వాహనముగ మాత్రము మిగిలినది.

తరువాతి చరిత్ర నాకు వరుసగ కుదురుటలేదు. 1991లో లిథియం బ్యాటరీ విపణికి వచ్చుట, 2001లో బెంగళూరున రేవా కారు వెలువడుట, గడచిన పదునైదేండ్లలో బ్యాటరీ వెల పదింట తొమ్మిది వంతులు తగ్గుట, అన్నియు ఒకదానిపై నొకటి త్రోసికొని వచ్చినవి. 2019లో హైదరాబాదు విమానాశ్రయమునకును, 2022లో తిరుమల కనుమదారిపైనను విద్యుత్ బస్సులు నడువసాగెను. కనుమ దిగుడులో మోటారే జనకయంత్రమై కొంత శక్తిని తిరిగి బ్యాటరీకి పంపును. ఆర్టీసీ ఈ బస్సులను కొనదు, కిలోమీటరుకు ఇంత యని నిర్వహణ సంస్థకు చెల్లించును: హార్ట్‌ఫర్డు పద్ధతికి దగ్గరి చుట్టము.

గృహస్థులలో పెక్కురకు అట్టి యేర్పాటు లేదు. దినమునకు ఏబది కిలోమీటర్లు తిరుగుచు, ఇంటివద్ద ప్లగ్గు గలవాడు పెట్రోలుపై మిగిలిన సొమ్ముతో అధికపు వెలను కొన్నియేండ్లలో రాబట్టుకొనగలడు. పది కిలోమీటర్లే తిరుగువాడు, అపార్టుమెంటు సెల్లారులో మీటరుకై అసోసియేషనును బ్రతిమాలుకొనువాడు తొందరపడనక్కరలేదు. అన్నిటికంటె కష్టము పాత బండిని కొనువానిది. విజయవాడ ఆటోనగరులో ఇంజను చప్పుడు విని దాని మిగులు బ్రతుకును చెప్పగల మేస్త్రీలున్నారు; బ్యాటరీ చప్పుడు చేయదు. కావున యాజమాన్యము మారు వేళ బ్యాటరీలో మిగిలిన సామర్థ్యమును పరీక్షించి ధ్రువపత్ర మిచ్చు నియమమును రవాణాశాఖ, పన్ను మినహాయింపు గడువును పొడిగించినను పొడిగింపకున్నను, వెంటనే తేవలెనని నా మనవి.